ఆకుపచ్చ కవర్లు

“ఆ కార్డు ఫ్రేములోంచి ఎందుకు తీస్తున్నావ్?” అన్నాడు రాడివోయ్. షేవింగ్ సబ్బు ఇంకా సగం మొహం మీదే ఉంది.

“పట్టుకెళ్లొద్దూ మరి! నలభై ఏళ్లకి కేరెష్ మన ఊరొస్తున్నాడు. తన సంతకం తనే చూసుకుని మురిసిపోతాడు,” అంది దుషాంక.

రాడివోయ్ గడ్డం తెగింది.

వాళ్ల పెళ్లి ఫొటో మూలన దోపి ఉండే కార్డు అది. దాని మీద తోలుకోటు వేసుకుని, భుజాలదాకా జుట్టుతో, గాయకుడు వ్లాదో కేరెష్. కింద నీలం సిరాతో ‘దుషాంకకు ప్రేమతో’ అని సంతకం. ఆ సంతకం కేరెష్‌ది కాదని ప్రపంచంలో రాడివోయ్ ఒక్కడికే తెలుసు. పెట్టింది అతనే కాబట్టి.

అప్పుడతను సొంబోర్ పోస్టాఫీసులో మూడో కిటికీ గుమాస్తా. ఇరవై రెండేళ్లవాడు. రేడియోలో కేరెష్ పాట వస్తే వీధిలో సైకిళ్లు ఆగిపోయే రోజులవి. పదిహేడేళ్ల దుషాంక ప్రతి గురువారం ఒక ఆకుపచ్చ కవరు పట్టుకొచ్చేది. మీద ‘వ్లాదో కేరెష్, బెల్‌గ్రేడ్’ అని గుండ్రటి అక్షరాలు, వెనక ఆమె పేరు. రెండో కిటికీ ఖాళీగా ఉన్నా మూడోదాని ముందే నిలబడేది. ఆ పక్క గోడ మీద కేరెష్ కచేరీ పోస్టరు ఉండేది, అందుకే కాబోలనుకునేవాడు.

“స్టాంపులు పది ఒకేసారి తీసుకోరాదూ? వారం వారం తిరగక్కర్లేదు,” అనేవాడు.

“ఒక్కటి చాలు,” అనేది.

కవరు త్రాసులో పెడితే ఎప్పుడూ ఒకటే బరువు. ఒక్క కాగితం. అంత చిన్న కాగితంలో వాడికి ఏం రాస్తోందోనని రాడివోయ్‌కి వారమంతా కడుపుమంట.

ఏడాది తిరిగింది. జవాబు లేదు. ఒక గురువారం ఆమె కిటికీ ముందు నిలబడి, “నాకెవరూ రాయరులే,” అని కళ్లు తుడుచుకుంది. అతను ఆగలేకపోయాడు. బడ్డీకొట్లో ఆ కార్డు కొని, సంతకం గిలికి, కవర్లో పెట్టి, పై గురువారం ఉత్తరం వచ్చిందంటూ ఆమె చేతికే ఇచ్చాడు. స్టాంపు మీద ముద్ర కొట్టలేదని సాయంత్రానికి గుర్తొచ్చి చచ్చినంత పనైంది. ఆమె మాత్రం కార్డు చూసింది, అతన్ని చాలాసేపు చూసింది, “కాఫీ తాగుదాం వస్తావా?” అంది.

అలా మొదలైన కాపురం. వేరొకడి పేరు అరువు తెచ్చుకుని ఈమెను గెలుచుకున్నానన్న ముల్లు మాత్రం అతని గుండెలో అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం సాంస్కృతిక భవనం ముందు, కేరెష్ సంతకం కోసం నిలబడ్డవాళ్ల వరుస రోడ్డు దాకా వచ్చింది. అంతా నెరిసిన జుట్లు, బొత్తాలు పట్టని పాత తోలుకోట్లు. దుషాంక జున్ను కూరిన బూరెక్ రొట్టె తింటూ ఏదో కూనిరాగం తీసింది.

ముందున్నావిడ వెనక్కి తిరిగింది. “అమ్మా, ఆ పాట కేరెష్‌ది కాదు.”

“కాదా! ఇన్నేళ్లకి ఎవరికి గుర్తుంటాయిలెండి,” అని నవ్వేసింది దుషాంక.

“మోకాలు పీకేస్తోంది. ఇంటికి పోదాం,” అన్నాడు రాడివోయ్.

“మోకాలు నొప్పికి నుదుటి మీద చెమటలేమిటి, రాడివోయ్?”

“ఉక్కగా ఉంది.”

“కోటు నేనే తొడిగించాను నీకు, చలిగా ఉందని!”

వాళ్ల వంతు వచ్చింది. కేరెష్‌కి ఇప్పుడు జుట్టు లేదు, కళ్లజోడు ఉంది. కార్డు అందుకుని, సంతకం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. కళ్లెత్తాడు. ఆమె భుజం వెనక టోపీ నలుపుతున్న రాడివోయ్, సున్నం కొట్టినట్టు పాలిపోయిన అతని మొహం కనిపించాయి.

“నాదే,” అన్నాడు కేరెష్ నింపాదిగా. “ఆ రోజుల్లో నా దస్తూరి ఎంత ముచ్చటగా ఉండేదో!”

ఆ పక్కనే మళ్లీ సంతకం చేశాడు. కోడి గెలికినట్టుంది. రెండిటికీ పోలికే లేదు.

“వయసు మీద పడింది కదండీ,” అంది దుషాంక, పెదవులు గట్టిగా బిగబట్టుకుని. కార్డు సంచిలో పెట్టుకుని, గొడుగు తీసుకోవడానికి గుమ్మం వైపు వెళ్లింది.

రాడివోయ్ బల్ల మీదికి వంగాడు. “మీ మేలు ఈ జన్మలో మరిచిపోను.”

“అది గిలికింది మీరే కదూ?” కేరెష్ నవ్వాడు. “సొంబోర్, దుషాంక... ఆకుపచ్చ కవర్లు ఈవిడవేనా? ఏడాదిపాటు ఒక్క వారం తప్పలేదు.”

“ఈవిడవే. మీరు ఒక్కదానికైనా జవాబు రాయాల్సింది.”

“రాద్దామనే చూశానండీ. దేనికని రాయను?”

నలభై ఏళ్లుగా రాడివోయ్ దిగమింగుకున్న ప్రశ్న పైకొచ్చింది. “ఇంతకీ... వాటిలో ఏం రాసేది?”

కేరెష్ అతన్ని వింతగా చూశాడు.

“అన్నీ తెల్లకాగితాలే.”