చప్పుడు లేని ప్రాసెసర్

"నేను చూసి ఒప్పుకున్నాకే కొనేది" అంది ఎడిటర్ భార్య, గుమ్మానికి అడ్డంగా నిలబడి. కొత్త కంప్యూటర్‌ను గుండెలకు హత్తుకుని వచ్చిన షాపతను గడప బయటే ఆగిపోయాడు. ఆవిడ వెనక నుంచి ఎడిటర్, కాస్త ఓపిక పట్టమని అతనికి కళ్లతోనే దండం పెట్టాడు.

ఆయన బాధ ఆయనది. పెళ్లి వీడియోలు కూర్చి బతికే మనిషి. ఇంట్లో ఉన్న కంప్యూటర్ ఎంత ముసలిదంటే, అందులో ఒక పెళ్లి వీడియో మొదలుపెడితే అది తయారయ్యేలోగా ఆ పెళ్లికూతురికి బిడ్డ పుట్టి, పాకి, నడిచి, మా అమ్మ వీడియో ఏదని గుమ్మంలోకి వచ్చి అడిగేది. ఈ కొత్త తరం ప్రాసెసర్ వస్తే ఆయన కూడా నలుగురిలా వేళకు తిని వేళకు పడుకోవచ్చు.

పరీక్ష పెట్టారు. ఒకటే వీడియో, ముందు పాతదానిలో, తర్వాత కొత్తదానిలో.

పాతదాని ప్రాసెసర్ వేడెక్కగానే లోపలి ఫ్యాన్ పిండిమరలా గుర్రుమంది. బల్ల వణికింది. బల్ల మీది కాఫీ కప్పు నడుచుకుంటూ అంచుదాకా వెళ్లింది. షాపతను ఏదో చెప్పబోయాడు గానీ పెదవులు కదలడమే కనిపించింది. మూలన ఉయ్యాలలో ఎడిటర్ గారి నెలల పాప మాత్రం హాయిగా నిద్రపోతోంది. కాఫీ చల్లారిపోయినా వీడియో సగం కాలేదు. ఇక చాలని ఆవిడే ఆపించేసింది.

కొత్తదాన్ని ఆన్ చేశారు. చప్పుడే లేదు. ఈ ప్రాసెసర్ వేడెక్కదు, ఇక ఫ్యాన్‌కు పనేముందన్నాడు షాపతను. అసలు ఆనైందా అని ఎడిటర్ చెవి ఆనించాడు. ఆ చెవి తీసేలోగా వీడియో పూర్తయింది. ఆవిడ ముఖంలో నవ్వు చూసి ఎడిటర్‌కు ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడే పాప లేచి ఏడుపందుకుంది. అలాంటిలాంటి ఏడుపు కాదు. వీధి చివర సైకిళ్ల మీద పోయేవాళ్లు కూడా దిగి నిలబడ్డారు. ఆవిడ ఎత్తుకుని పాడింది, ఎడిటర్ కోతిలా గెంతాడు, షాపతను తాళాలగుత్తి ఆడించాడు. లాభం లేకపోయింది. ఆవిడకు ఏం తోచిందో, వెళ్లి పాతదాన్ని మళ్లీ నడిపించింది. పిండిమర గుర్రుమంది. పాప ఒక ఆవులింత తీసి, అమ్మ భుజం మీద వాలిపోయింది.

ఎడిటర్ గుండె జారిపోయింది. ఆవిడ పాపను ఉయ్యాలలో వేసి, ఇద్దరినీ వంటింట్లోకి పిలిచి, తలుపు మూసి తీర్పు చెప్పింది.

"కొత్తది కొందాం. పని దానిది, జోల పాతదానిది. పాతదాన్ని ఎవరైనా కదిపారో, ఆ రాత్రి పాపతో జాగారం వాళ్లదే."

ఎడిటర్ సంతోషం పట్టలేక ఎగిరితే నెత్తి అల్మారాకు తగిలింది. ఆ నొప్పి కూడా ఆయనకు తెలియలేదు.

బేరం కుదిరి ముందుగదిలోకి వచ్చినా షాపతను బయల్దేరలేదు. ఇంకా గుర్రుమంటున్న పాతదాని చుట్టూ తిరిగాడు, దాని నెత్తి నిమిరాడు. అంత మంచి సరుకు అమ్మినవాడు ఈ ముసలిదాన్ని ఎందుకింత ముద్దుగా చూస్తున్నాడో ఎడిటర్‌కు అంతుపట్టలేదు. ఇంకేమైనా అమ్మాలనుందా అని అతని చెవిలో అరిచి అడిగాడు.

షాపతను కూడా ఆయన చెవిలోనే అరిచాడు.

"అమ్మాలని కాదన్నా, కొనాలనుంది. ఇంత పాతది ఇంకోటి ఎక్కడైనా ఉంటే చెప్పు. మా ఇంట్లో కవలలు."