తాయారు పెళ్లి అయ్యేదాకా

నవల ఆఖరి అధ్యాయానికి వచ్చింది. పూలి మంచం అంచుకు జరిగి కూర్చుంది.

"ఆగకు చెల్లె, చదువు. తాయారును పీటల మీద కూసోబెట్టిన్రు. నరహరి ఏడున్నడు?"

"ఏమో అక్కా. నేను గూడ ఇప్పుడే గదా చదువుడు," అంది నవత పేజీ తిప్పుతూ.

గోదావరి పొంగితే అడవి ఊళ్లకు దారులు మూసుకుపోతాయి. అందుకే వానలు ముదరకముందే వీళ్లను జీపుల్లో తెచ్చి భద్రాచలంలో ఈ హాల్లో పెట్టారు. అంతా ఆడవాళ్లే. వరసగా ఇనుప మంచాలు. వేళకు అన్నం, గుడ్డు, పాలు. పని మాత్రం లేదు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఖాళీగా కూర్చోని పూలికి మొదట్లో పిచ్చెక్కినట్టయింది. పక్క మంచం మీద నవత ఒక్కతే కిసుక్కున నవ్వింది అప్పుడే.

"ఒక్కదానివే నవ్వుతున్నవేందే? గట్టిగ చదువు, మేం గూడ నవ్వుతం."

అది తెలుగునాట చదవనివాళ్లు లేరని చెప్పుకునే పాత నవల. నవత వాళ్లమ్మ దాని పేరెత్తితే చాలు, పొయ్యి మీద పాలు మర్చిపోతుంది. నవత మాత్రం ఇన్నేళ్లూ అట్ట కూడా తెరవలేదు. జీపెక్కేటప్పుడు అమ్మే బట్టల కింద దోపి పంపింది. గాలివానకు కరెంటు పోయి, ఫోన్ చచ్చిపోయిన పూట, వేరే గతి లేక నవత తెరిచింది. ఇక మూస్తే ఒట్టు.

హాలు రెండు పార్టీలైంది. తాయారును ప్లీడరుకిచ్చి చెయ్యాలని ఎదురు మంచం కళావతి. "మేడ ఉన్నది, గుర్రబ్బండి ఉన్నది. నరహరికేమున్నది, మీసాలు తప్ప?"

"మేడను కట్టుకుంటదా, మనిషిని కట్టుకుంటదా?" అని పూలి లేచింది. ఆ పూటంతా ఇద్దరికీ మాటల్లేవు. ఆకలేసినప్పుడు మాత్రం పచ్చడి ఇచ్చిపుచ్చుకున్నారు.

చిక్కల్లా ఒక్కటే. గడగడా చదవడం నవతకే వచ్చు. కళావతికి అక్షరాలొచ్చు గానీ, ఆమె కూడబలుక్కుని చదివేసరికి తాయారుకు ముసలితనం వస్తుంది. పైగా ఇక్కడ ఎవరికి ఎప్పుడు పిలుపొస్తుందో చెప్పలేం. శారద మేడం రోజూ వచ్చి అందరినీ చూసి, ఎవరు కదలాలో తేలుస్తుంది. పిలుపొస్తే మూట సర్దుకుని వరండా దాటి అవతలికి పోవాల్సిందే. అక్కడ కొన్నాళ్లుంచి, అటునుంచటే ఇంటికి పంపిస్తారు.

సక్రికి సరిగ్గా ప్లీడరు ఉంగరం తెచ్చే చోట పిలుపొచ్చింది. పాపం, నడుం పట్టుకుని వరండాలో పోతూ కూడా అరిచింది. "ఉంగరం తీసుకుందా లేదా? నాకు చెప్పిపంపాలె! లేకుంటే మీ సంగతి చెప్త!"

చెప్పిపంపే బాధ్యత ముత్తక్కది. హాలు ఊడ్చి, అన్నం పెట్టే ముత్తక్క కథను అవతలికి చేరవేసేది. ఆమె చేరవేసేసరికి ప్లీడరు కాస్తా తహసీల్దారయ్యేవాడు. నరహరికి లేని చెల్లెలు పుట్టుకొచ్చేది.

రేపు నవతకే పిలుపొస్తే? ఆ ఊహకే పూలికి అన్నం సయించలేదు. 'రామయ్య తండ్రీ, తాయారు పెళ్లి అయ్యేదాకా ఈ పిల్లను కదలనియ్యకు, కొబ్బరికాయ కొడత' అని మొక్కుకుంది. నవత తమను వదిలి ముందుకు చదివేస్తుందేమోనని పుస్తకాన్ని తన తలగడ కిందే పెట్టుకుంది.

ఇవ్వాళ నవత చదువు చూడాలి! ఇన్నాళ్లూ ఒక ఎత్తు, ఇవ్వాళ ఒక ఎత్తు. కూర్చుని చదవలేకపోయింది. లేచి మంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ చదివింది.

"నరహరి బండి చక్రం... విరిగింది..."

అక్కడ ఆగింది. మంచం కమ్మీని గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. పెదవి కొరుక్కుంది. నుదుటి మీద చెమట.

"అబ్బ! ఏం చదువుతున్నవే! నాకైతే పానం పోతున్నది," అంది కళావతి.

నవత బుస్సున గాలి వదిలి మళ్లీ అందుకుంది. బండి వదిలేసి నరహరి పొలాలకు అడ్డంపడి పరుగెత్తాడు. ప్లీడరు తాళి చేతిలోకి తీసుకున్నాడు. నవత మళ్లీ ఆగింది. ఈసారి మూలిగింది కూడా. ఆ మూలుగుకు పూలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తాయారే వచ్చి ఎదురుగా నిలబడినట్టుంది.

ఇంతలో గుమ్మంలో శారద మేడం. "ఏమ్మా, అందరూ మంచిగున్నరా?"

"మంచిగున్నం మేడం!" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది నవతే. నవ్వింది కూడా. మేడం నమ్మి వెళ్లిపోయింది.

"జల్దీ చదువు, మళ్లొస్తది!"

నవత చదివింది. ఆగుతూ, ఆయాసపడుతూ, గోడకు వీపు ఆనించి చదివింది. నరహరి పందిట్లోకి వచ్చి పడ్డాడు. తాయారు పీటల మీంచి లేచి నిలబడింది. ప్లీడరు, మహానుభావుడు, తాళిని తనే నరహరి చేతిలో పెట్టాడు.

హాలు దద్దరిల్లింది. ప్లీడరు పార్టీ కళావతే ముందుగా వలవలా ఏడ్చి, పూలిని వాటేసుకుంది. పూలి ఎగిరి గంతెయ్యబోయింది. "ఓయ్, ఎగురకే!" అని ముత్తక్క కేకేస్తే సర్దుకుని చప్పట్లు కొట్టింది. ముత్తక్క అవతలి సక్రి వాళ్లకు కబురు మోసుకుని పరుగెత్తింది, దారిలో నరహరికి ఇంకెవరిని అంటగడుతుందో.

పూలికి పట్టరాని సంతోషం. రామయ్య మాట నిలబెట్టాడు. రేపే కొబ్బరికాయ.

నవత ఆఖరి మాట కూడా చదివి, పుస్తకం మూసి, జాగ్రత్తగా పూలి చేతిలో పెట్టి, ఆమె భుజం పట్టుకుంది.

"పూలక్కా, ఇగ జల్దీ పోయి శారద సిస్టర్‌ను లేబర్ రూం తెరువమను, తాయారు పీటలెక్కినప్పటి సంది నొప్పులొస్తున్నయ్, బిడ్డ ఇంక ఆగేటట్టు లేదు!"