చెరో డిస్కు

వ్యాపారం పంపకాల రోజు అన్నయ్య ఆఫీసు సర్వర్ ముందు అరల్లోంచి రెండు డిస్కులూ లాగేశాడు. “నాకోటి, తమ్ముడికోటి.”

వేగం కోసం ప్రతి ఫైలునూ ముక్కలు చేసి, రెండింటి మీదా సగం సగం రాసేలా అమర్చింది నేనే. విడదీస్తే రెండూ దండగే. చెప్పబోయాను.

“ఆడపిల్లవి, మధ్యలో నీ పెత్తనమేంటి? కావాలంటే ఆ ఖాళీ సర్వర్ డబ్బా పట్టుకుపో.”

ఇంటికి పట్టుకొచ్చాను.

మర్నాడే అన్నయ్య ఫోన్. “ఒక్క ఫైలూ తెరుచుకోవట్లేదు. ఏం చేసి చచ్చావ్?”

“మిగతా సగం తమ్ముడి దగ్గరుంది. వెళ్లి అడుక్కో.”

“వాడి మొహం చచ్చినా చూడను.”

“అయితే అనుభవించు.”

ఫోన్ పెట్టేసి డబ్బా మూత విప్పాను. ప్రతి శుక్రవారం నేను అన్నీ కాపీ చేసే మూడో డిస్కు లోపలే ఉంది. కస్టమర్ల జాబితా తెరిచి, మొదటి నంబరు నొక్కాను.