నెమలి మార్కు ఇంగువ

"ఇవి నాకొద్దు ముదలాళీ. మీరే పెట్టుకోండి."

అరియాంకుప్పం నుంచి బస్సెక్కి వచ్చిన మీనాంబాళ్ సంచిలోంచి ఇంగువ డబ్బాలన్నీ తీసి గల్లాపెట్టె పక్కన పేర్చింది. ఊళ్లో చిన్న కొట్టు నడుపుతుందామె. వాళ్లమ్మ కాలం నుంచీ సరుకు కొనేది పుదుచ్చేరిలో వరదరాజులు దుకాణంలోనే.

"ఏమక్కా, సరుకు బాగలేదా?" అన్నాడు యజమాని వరదరాజులు.

"మూత తీస్తే కదా తెలిసేది. కోడి యాడ పోయిందని అడుగుతా ఉన్నారు అందరూ. ఇది దొంగ సరుకంట."

"అది కోడి కాదక్కా, నెమలి. ఇప్పుడే సరిగ్గా గీయించినాం."

"నెమలో గిమలో. మాకు తెలిసింది కోడి ఇంగువ."

కొత్త డబ్బాల మీద నీలం నెమలి పురి విప్పి నిలబడి ఉంది. మద్రాసు ఆర్టిస్టు గీసిన బొమ్మ. పాతదానికి పొట్టి తోక, లావు మెడ, నెత్తిన జుట్టో కిరీటమో తేలని గుత్తి ఉండేవి. లేబులు మీద నెమలి మార్కు అని తమిళంలో ఎంత పెద్దగా అచ్చేసినా, పుదుచ్చేరి నుంచి కడలూరు దాకా జనం కోడి ఇంగువ అనే అడిగేవాళ్లు. పెళ్లిళ్లలో తోటి వర్తకులు "కోడాయన వచ్చినాడు, ఆకేయండి" అంటుంటే వరదరాజులుకు తల కొట్టేసినట్టుండేది. నాయన పోయి పెత్తనం చేతికి రాగానే మొట్టమొదట ఆ బొమ్మ మార్చేశాడు. ఇప్పుడదే మెడకు చుట్టుకుంది.

కంపెనీ చేతులు మారిందని పెద్ద మార్కెట్టులో ఒకటే పుకారు. సాంబారులో ఘుమఘుమ పోయిందని, కొత్త డబ్బా కొననివాళ్లు సైతం ఒట్టేసి చెబుతున్నారు. విల్లుపురం పంపిన సరుకు మూట విప్పకుండానే తిరిగొచ్చింది. దీపావళి దగ్గర పడుతోంది. ఈ పండగకు డబ్బాలు కదలకపోతే తాత పెట్టిన మార్కు తన చేతుల్లోనే మట్టి కొట్టుకుపోతుందని వరదరాజులుకు అన్నం సహించడం లేదు.

ఇంట్లో అమ్మ ధనభాగ్యం పోరు అంతకంటే పెద్దది.

"బొమ్మ పోతే పోయింది. కింద మీ తాత రాసిన మంత్రం తీసేసేదానికి నీకు చేతులెట్లా వచ్చినాయిరా వరదా?"

"అది ఏందని ఆర్టిస్టు అడిగినాడమ్మా. చదవను రానిదాన్ని ఏమని చెప్పేది?"

"మంత్రాన్ని చదవాల్నా ఏంది? ఉంటే చాలదా?"

ఆ కథ వినీ వినీ వరదరాజులుకు కంఠతా వచ్చు. తాత పెరుమాళ్ శెట్టికి వచ్చిన అక్షరాలు తెలుగువి మాత్రమే. శివకాశి అచ్చాఫీసు నుంచి బొమ్మ నమూనా వచ్చేనాటికి ఆయన జ్వరంతో మంచంలో ఉన్నాడు. అయినా లేచి కూర్చుని, బొమ్మ కింద సొంత చేత్తో ఒక వరుస రాసి, తిరుగు టపాలో పంపించాడు. ఆ వారమే కన్ను మూశాడు. అచ్చయిన లేబుళ్ల పార్సెలు సరిగ్గా పెద్దకర్మ నాడు ఇంటికొచ్చింది. విప్పి చూస్తే ప్రతి లేబులు మీదా, బొమ్మ కింద, తాత చేతిరాత. కొత్త కోడలుగా ఉన్న ధనభాగ్యం దాన్ని కళ్లకద్దుకుంది. నాయన చదివింది ఫ్రెంచి బడి, వరదరాజులు చదివింది తమిళ బడి. ఇంట్లో మాటలు తెలుగే అయినా ఆ అక్షరాలు పోల్చగలిగినవాడు ఒక్కడూ లేడు.

"పోయే ప్రాణాన్ని ఆ వరుసలో పెట్టి పోయినాడు మహానుభావుడు," అని కళ్లొత్తుకుంది ధనభాగ్యం. "దాని బలంతో తిన్నాం ఇన్నాళ్లూ. నువ్వు చెరిపేసినావు."

వరదరాజులు తట్టుకోలేకపోయాడు. బొమ్మ, మంత్రం రెండూ యథాప్రకారం వేయమని శివకాశికి ఫోను చేశాడు. పాత అచ్చు పారేశాం అన్నారు వాళ్లు. డబ్బాల మీది అక్షరాలు అరిగి అరిగి చీమలబారులా ఉన్నాయి, ఆ వరుస ఎవరిచేతనైనా స్పష్టంగా రాయించి పంపమన్నారు.

వెతగ్గా వెతగ్గా ఇందిరా నగర్‌లో సీతాపతి అనే గుమాస్తా దొరికాడు. యానాం మనిషి, ఈమధ్యే బదిలీ మీద వచ్చాడు. తెలుగు చదువు.

శుక్రవారం పొద్దున ఆయన వచ్చేసరికి ధనభాగ్యం తలస్నానం చేసి, పూజగదిలో కర్పూరం సిద్ధంగా పెట్టుకుంది. మొదటి పార్సెల్లో వచ్చిన లేబులుకు అద్దం కట్టించి దేవుళ్ల మధ్య ఉంచారు. దాని మీది కుంకుమ తుడిచి ఆయన చేతికిస్తుంటే వరదరాజులుకు ఒక అనుమానం వచ్చింది. దీన్ని చెరిపినవాడు సర్వనాశనమైపోతాడని తాత రాసి ఉంటే?

సీతాపతి చదివాడు. బొమ్మ వంక చూశాడు. మళ్లీ చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"శాపమా సార్?" అన్నాడు వరదరాజులు.

"అబ్బే, శాపం కాదండి. ముందు అమ్మగారిని కూర్చోమనండి."

"మామగారి మాట నిలబడే వినాల నాయనా," అంది ధనభాగ్యం. కర్పూరం వెలిగించి చేతులు జోడించింది. "గట్టిగా చదువు."

సీతాపతి గొంతు సవరించుకున్నాడు.

"నెమలిని గీయమంటే కోడిని గీశారు, మార్చండి."