రెండో పెట్టె

రెండో సర్వర్ పెట్టె ఖాళీదన్న సంగతి ఆఫీసులో తనొక్కడికే తెలుసని గురువుగారి ధీమా.

అక్కడ నెట్‌వర్క్ చూసే ఆయన్ని అందరూ గురువుగారనే పిలుస్తారు. కంప్యూటర్ ఏదైనా సరే, ఆన్ చేయగానే దానికో నంబరు కావాలి. నంబరు దొరక్కపోతే మెయిలూ లేదు, ఇంటర్నెట్టూ లేదు. ఆ నంబర్లు పంచే సర్వర్ ఒక్కటే ఉంటే, అది పడకేసిన రోజు ఆఫీసంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. అందుకే ఆఫీసు నడిపే మేడమ్ రెండు కొనిపించారు. మొదటిది ఆగితే రెండోది అందుకోవాలి.

మొదటిది ఏడాదిగా ఒక్కరోజూ మొరాయించలేదు. ఊరికే కూర్చుని కరెంటు తింటున్న రెండోదాన్ని చూసి గురువుగారి బుద్ధి గడ్డి తింది. బావమరిది కొత్తగా నెట్ సెంటర్ పెడుతున్నాడు. తమ్ముడికేదైనా చెయ్యమని ఇంటావిడ చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. ఓ సెలవురోజున లోపలి సరుకంతా విప్పి బావమరిదికి చేరవేశారు. ఖాళీ పెట్టెలో ఓ పచ్చ బల్బు అమర్చి, ఉన్నచోటే పెట్టేశారు. బల్బు వెలుగుతుంటే లోపలేముందో ఎవరు చూడొచ్చారు?

ఇవాళ మేడమ్ సర్వర్ గదికి రమ్మన్నారు. ఆ గది తాళాలున్న మిగతా ఇద్దరూ, స్టోర్‌కీపరూ ఎలక్ట్రీషియనూ, అప్పటికే అక్కడున్నారు.

"మొదటిది ఆపండి గురువుగారూ. రెండోది అందుకుంటుందో లేదో చూద్దాం," అన్నారు మేడమ్. ఆవిడ చేతిలో అప్పుడే అట్టపెట్టె విప్పిన కొత్త లాప్‌టాప్ ఉంది.

ఇరవయ్యేళ్ల ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకున్నారు గురువుగారు. అయినా, వైరు ఎలకలు కొరికేశాయని చెబుదామని మనసులో వల్లె వేసుకుంటూ స్విచ్ నొక్కారు. మొదటి సర్వర్ ఆగిపోయింది.

మేడమ్ లాప్‌టాప్ ఆన్ చేశారు.

"వచ్చేసింది! నంబరొచ్చింది, మెయిల్ కూడా తెరుచుకుంది."

"అయితే నేను వెళ్లనా మేడమ్? సరుకొచ్చే టైమైంది," అన్నాడు స్టోర్‌కీపర్. ఎలక్ట్రీషియన్ ఆవలించాడు.

"రాదే! ఇంకోసారి చూడండి మేడమ్, వచ్చే వీల్లేదు!" అన్నారు గురువుగారు. అని ఊరుకున్నారా? రెండో పెట్టె వెనక్కి వంగి వైరు పట్టుకుని లాగి మరీ చూశారు.

మేడమ్ లాప్‌టాప్ మూసేశారు.

"పోయిన వారం ఈ గది దులిపిస్తుంటే ఆ పెట్టె దూదిలా చేతికొచ్చింది. ఆ రోజే ఇంకో సర్వర్ తెప్పించి నా గదిలో పెట్టించాను. ఇందాక నంబరిచ్చింది అదే. తాళాలేమో ముగ్గురి దగ్గరున్నాయి. ఎవర్నని అడగను?"

"అంటే మేడమ్... ఎలకలు..." అన్నారు గురువుగారు.

"నేను పరీక్ష పెట్టింది సర్వర్‌కి కాదు గురువుగారూ, మీ ముగ్గురికీ. రెండోది పనిచేస్తే హడలిపోయేది, అందులో ఏమీ లేదని తెలిసిన మనిషొక్కరే!"