ఆఖరి కంచం

కోడికూర చల్లారిపోతోంది. మానస కంచం ముందు చేతులు కట్టుకొని కూర్చుంది.

“అమ్మ కూసుంటెనే నేను తింట.”

ఆదివారం పూట, అందులోనూ నాటుకోడి వండిన పూట, ఇట్లాంటి మాట ఎవరికైనా సహిస్తుందా? తండ్రి వెంకట్రాజానికి ఒళ్ళు మండింది. కాజీపేటలో రైలింజన్లు బాగుచేసే మనిషి ఆయన. షెడ్డులో పదిమంది మాటా వింటాడు గానీ, ఇంట్లో మాత్రం ఆయన సిగ్నల్ ఇస్తేనే బండి కదలాలి.

“మళ్ళ షురూ చేసిందిరా స్పెయిన్ దొరసాని!” అన్నాడు కొడుకు ఉమాకాంత్ వైపు చూసి. ఉమాకాంత్ చూపు కోడికాలు మీదుంది.

మానస చదువుకు స్పెయిన్ పోయి ఏడాదైంది. సలమాంకా అనే ఊళ్ళో పిలార్, ఎమిలియో అనే ఆలుమగల ఇంట్లో ఉంటోంది. హాస్టల్ కాదు, వాళ్ళింట్లోనే ఒక గది, వాళ్ళతోపాటే తిండి. సెలవులకని వరంగల్ వచ్చింది. వచ్చిన కాణ్ణుంచి ఇంట్లో ఏదో ఒక లొల్లి.

ఆ ఇంటి పద్ధతి ఎప్పటిదో. ముందు మగవాళ్ళు, నాయనమ్మ మల్లవ్వ, పిల్లలు తింటారు. వాళ్ళందరూ చేతులు కడుక్కున్నాక మానస అమ్మ పద్మలత తింటుంది. ఆమె వంతుకు మిగిలేది ముక్కల్లేని పులుసు, గిన్నె అడుగున మాడిన అన్నం. ఆమెను తినొద్దని ఎవరూ అనలేదు. రమ్మని పిలిచిందీ లేదు. స్పెయిన్ పోయేదాకా మానసకు కూడా అది కంటికి ఆనలేదు.

మొన్న షుగర్ గోలీ వేసుకొని అందరికీ వడ్డిస్తూ వడ్డిస్తూ, పద్మలత పొయ్యి దగ్గరే కళ్ళు తిరిగి కూలబడింది. టైముకు తినకపోతే ప్రాణం మీదికొస్తుందని దవాఖానలో డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. ఇంటికొచ్చాక అందరూ అయ్యో పాపం అన్నారు. తెల్లారి మళ్ళీ ఆమె ఆఖర్నే తిన్నది.

అదిగో, అప్పుడు మొండికేసింది మానస.

“తిను బిడ్డా, నా బంగారం గదా,” పద్మలత గరిటె పట్టుకొని బతిమాలింది. “నేను తర్వాత తింట తియ్యి.”

“నీ కంచం తెచ్చుకో అమ్మా.”

“ఓసి నీ అఘాయిత్యం గూల!” మల్లవ్వ బుగ్గలు నొక్కుకుంది. “మేం తిన్లేదానే ఆఖర్న? సచ్చిపోయినమా?”

“సావలేదు బాపమ్మా. కోడలొచ్చేదాక ఒక్క కోడికాలన్న నీ కంచంల పడ్డదా? నిజం చెప్పు.”

మల్లవ్వ తన కంచంలోని ముక్కలకేసి చూసుకుంది.

“జర ఆగు. గా దేశంల ఆడోళ్ళు గిట్లనే మొగోళ్ళ పక్కపొంటి కూసొని తింటరా?” వెంకట్రాజం నిలదీశాడు.

“పిలార్ అమ్మ కూసుంటది బాపూ. నా పక్క కుర్చీలనే.”

“గదీ సంగతి! సదువుకోమని తోలిస్తె గివి నేర్సుకొచ్చింది.”

ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. ఫొటోలు చూళ్ళేదా? మొదట్లో మానస పంపిన ఫొటోల్లో అన్నం బల్ల దగ్గర పిలార్ కనబడేదే కాదు. ఫొటో తీసేది ఆమే కాబోలు అనుకున్నారు. తర్వాత్తర్వాత వచ్చిన ఫొటోల్లో మాత్రం బల్ల మధ్యన కూర్చొని నవ్వుతూ ఉండేది. “ఆడ ఆడోళ్ళదే రాజ్యం,” అని వెంకట్రాజం అప్పుడే తేల్చేశాడు.

“ఇను మానసా. ఇప్పుడు తింటె తిన్నట్టు. లేకుంటె రెండో ఏడు సదువు బంద్. పాస్‌పోర్టు నా బీరువాల ఉన్నది, యాదుంచుకో.”

మానస చూపు బీరువా ఉన్న గది వైపు పోయింది. ఆ చదువు కోసం ఎంత ఏడ్చి, ఎంత కొట్లాడి పోయిందో ఆమెకే తెలుసు. ఇప్పుడు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, అంతా సర్దుకుంటుంది. నా కోసం నీ బతుకు ఆగం చేసుకోకే అని పద్మలత కళ్ళతోనే మొక్కుతోంది.

మానస కంచం పక్కకు జరిపింది.

“బంద్ అయితే కానియ్. మా అమ్మ పడిపోతాంటె నాకెందుకు బాపూ ఆ సదువు?”

ఉమాకాంత్ కూడా కోడికాలు మీంచి చేయి వెనక్కి తీసుకున్నాడు. ఇక వెంకట్రాజం ఆగలేకపోయాడు.

“ఫోన్ కలుపు! ఆ ఎమిలియోనే అడుగుత. నేను అన్నది ఆయనకు, ఆయన అన్నది నాకు, ఉన్నదున్నట్టు చెప్పాలె. ఒక్క మాట మింగినా మంచిగుండది.”

“మళ్ళ నన్ను అనొద్దు బాపూ,” అని మానస వీడియో కాల్ కలిపింది.

అక్కడ ఇంకా పొద్దున్నే. నెరిసిన మీసాల ఎమిలియో కనబడ్డాడు. వెనక బల్ల దగ్గర పిలార్ కాఫీ తాగుతూ చేయి ఊపింది. వెంకట్రాజం గొంతు సవరించుకున్నాడు.

“మీ దేశం పద్ధతులు నేర్పి నా ఇల్లు ఆగం చేసిండ్రు!”

మానస ఆ మాటను పొల్లుపోకుండా స్పానిష్‌లో చెప్పింది.

ఎమిలియో మొహం ఎర్రబడింది. భార్య వైపు చేయి చూపిస్తూ, బల్ల గుద్దుతూ, చాలాసేపు అరిచాడు. పిలార్ కుర్చీలోంచి లేవలేదు. నింపాదిగా రొట్టె కొరుక్కుంటూ కూర్చుంది.

“ఏమంటాండు?” అన్నాడు వెంకట్రాజం.

మానస తండ్రి కళ్ళలోకి చూసింది.

“‘ఆ మాట నేనడగాలె, పెండ్లయిన కాడికెళ్ళి మేం తిన్నంకనే వంటింట్ల నిలబడి తినే నా పెండ్లాన్ని మా మధ్యన కూసోబెట్టేదాక మీ బిడ్డ ముద్ద ముట్టలే, మీ దేశం పద్ధతులు నేర్పి నా ఇల్లు ఆగం చేసింది’ అంటాండు బాపూ.”