ఏడో వింత

"ఇంకా ఎంతసేపండీ?" అంది భార్య, చెప్పులోంచి కాలు తీసి వేళ్ళు నులుముకుంటూ.

"వచ్చేశాం. ఇంకో ముప్పై మంది, అంతే," అన్నాడు గుమాస్తా. గంట క్రితం కూడా ఇదే మాట అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా కౌంటరు వెనక కూర్చుని జనాన్ని నిలబెట్టినవాడికి తాను నిలబడటం కొత్త. వింతలన్నీ తిప్పి చూపించే ఈ బస్సు యాత్రకి పట్టుబట్టింది తనే. తలకిందుల ఇంట్లో భార్యకి కళ్ళు తిరిగాయి. నత్తల పరుగుపందెం ఫలితం తేలకముందే బస్సు కదిలిపోయింది. ఇక మిగిలింది ఈ ఏడో వింత ఒక్కటే.

"ఇది కూడా తుస్సుమంటే, ఇకనుంచి సెలవులన్నీ మా చెల్లెలింట్లోనే," అని పొద్దున్నే తేల్చేసింది భార్య. గుమాస్తాకి అంతకు మించిన శిక్ష లేదు. అక్కడ తోడల్లుడు ఏటా సీసాలోంచి తన కిడ్నీ రాయిని తీసి, చేతిలో పెట్టి మరీ చూపిస్తాడు.

"అసలు లోపల ఏముందట?"

"అదే సస్పెన్సు!" అంటూ గుమాస్తా కరపత్రం విప్పాడు. "'ముందే చెబితే మజా ఉండదు. ఎప్పుడొచ్చినా పడిగాపులు గ్యారంటీ' అని రాశారు. ఎంత గిరాకీ ఉందో చూడు!"

నడవా పొడవునా వరస వంకర్లు తిరిగి ఉంది. టికెట్లు మొదట్లోనే చింపేశారు. గోడకి బిగించిన అద్దాల పెట్టెలో ఆగిపోయిన గడియారం, దాని పక్కనే 'భోజన విరామం' అని రాసిన అట్ట ఉన్నాయి.

"అచ్చం మా ఆఫీసులో ఉన్నట్టే ఉంది!" అని మురిసిపోయాడు గుమాస్తా.

అంతలో బుర్రమీసాల మనిషి ఒకడు మోచేతులతో తోసుకుంటూ వచ్చి భార్య ముందు దూరాడు.

"ఏమయ్యా, వరస కనబడటం లేదా?" అన్నాడు గుమాస్తా.

"ఒక్క మాట అడిగి పోతా సార్."

ఈ మాట గుమాస్తా కౌంటరు వెనక వెయ్యిసార్లు విన్నాడు, ఎప్పుడూ తలెత్తలేదు. ఇవాళ మాత్రం ఒళ్ళు మండిపోయింది. "మా ఆవిడ రెండు గంటల నుంచీ ఒంటికాలి మీద నిలబడి ఉంది! నడు, వెనక్కి నడు!" అని కాలరు పట్టుకున్నంత పనిచేశాడు. వరసంతా చప్పట్లు కొట్టింది. బుర్రమీసాలవాడు వెనక్కి పోయాడు.

భార్య అతని చెయ్యి పట్టుకుంది. "పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా తరఫున నోరు విప్పింది ఇదే మొదటిసారి. లోపల ఏమీ లేకపోయినా సరే, చెల్లెలింటికి వెళ్ళొద్దులెండి."

గుమాస్తాకి ఏనుగెక్కినంత సంబరమైంది. తమ వంతు రాగానే ఆ ఊపులోనే చివరి తలుపు తోశాడు. ఎదురుగా ఎండ, రోడ్డు, వాళ్ళు వచ్చిన బస్సు.

"ఇదేంటండీ, బయటికొచ్చేశాం?" అంది భార్య.

గుమాస్తా కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పక్క తలుపులోంచి బుర్రమీసాల మనిషి సందర్శకుల అభిప్రాయాల రిజిస్టరుతో పరిగెత్తుకొచ్చి, వినయంగా పెన్ను అందించాడు.

"మా పడిగాపుల మ్యూజియం నచ్చిందా సార్?"